నాన్న కొట్టిన డిప్పర్

ఆ రోజుల్లో మా పోర్ట్‌బ్లెయిర్‌కి ఇంకా పాత పేరే ఉండేది (ఇప్పుడు బోర్డుల మీదికి కొత్త పేరు ఎక్కింది గానీ ఆటోవాళ్ల నోట్లో పాతదే నడుస్తోంది), నా నడుం ఇంకా డిపార్ట్‌మెంటు వాళ్లిచ్చిన బెల్టుకి సరిపోయేది, ఒక మనిషి ఖాకీ బట్టలు తొడుక్కుని రోడ్డు పక్కన నిలబడితే లోకం తనంతట తానే దారిలోకి వస్తుందని నేను మనస్ఫూర్తిగా నమ్మేదాన్ని. మరీ పాత రోజులేం కావు. మొహానికి మాస్కులు పెట్టుకు తిరిగిన కాలం అప్పుడప్పుడే సద్దుమణుగుతోంది. కానీ ఇప్పుడు తలుచుకుంటే ఆ ఖాకీ బట్టల్లో ఉన్న పిల్ల నాకు దూరపు చుట్టంలా కనిపిస్తుంది. మొహం గుర్తే, తలకాయలో ఏముండేదో మాత్రం బొత్తిగా అర్థం కాదు.

మా తాత శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి వచ్చి ప్రోతరాపూర్‌లో చిన్న పెరడు, నాలుగు పోకచెట్లు చూసుకుని స్థిరపడ్డాడు. నాన్న ఇక్కడే పుట్టాడు, ప్రోతరాపూర్ నుంచి హాడో దాకా ఒక ప్రైవేటు బస్సు నడిపేవాడు. ఆ బస్సు ఆయనది కాదు గానీ, దాని హారన్ ఆయనదే అన్నట్టుండేది. స్కూలు పిల్లలకి ఒక రకంగా, రోడ్డు మధ్య పడుకున్న ఆవులకి ఇంకో రకంగా, మా ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు అమ్మకి మరో రకంగా మోగించేవాడు. నాకు పోలీసు ఉద్యోగం వచ్చిన రోజు ఆ బస్సులో ఎక్కినవాళ్లందరికీ బస్సు దిగేలోపే ఆ సంగతి తెలిసిపోయింది. యూనిఫాం కుట్టించుకుని వచ్చి వేసుకుని చూపిస్తే, నాన్న నా చుట్టూ ఒకసారి తిరిగి, కొత్త బస్సు టైరు చూసినట్టు చూసి, "టోపీ కొంచెం పెద్దదైనాదే అమ్మడూ, పర్లేదులే, బుర్ర పెరిగితే సరిపోతాది" అన్నాడు.

నన్ను ట్రాఫిక్‌లో వేశారు. కంప్యూటర్ కోర్సు చేశానని రాసుకోవడం వల్ల, ఎవరూ ముట్టుకోవడానికి ఇష్టపడని స్పీడ్ గన్ నా చేతికి వచ్చింది. పేరుకి గన్ గానీ, మూడు కాళ్ల మీద నిలబెట్టి చూస్తే పెళ్లి వీడియోవాడి కెమెరాలాగే ఉండేది. (మా వీధి పిన్ని ఒకావిడ, వాళ్లమ్మాయి పెళ్లికి నన్నే మాట్లాడదామని అమ్మతో అన్నదట.) వచ్చే బండి మీదికి దాన్ని గురిపెడితే ఎంత వేగంతో వస్తోందో అంకె పడుతుంది, నంబరు ప్లేటు ఫోటో తీస్తుంది. నాకు తోడు ఒక బెంగాలీ హెడ్ కానిస్టేబుల్. అందరూ దాదా అనేవారు. పెన్షన్ దగ్గర పడ్డ మనిషి, గొడుగు కింద స్టూలు వేసుకుని, ఆ రోజు మార్కెట్‌కి ఏ చేప వచ్చిందో తప్ప ఇంకే విషయమూ పట్టించుకునేవాడు కాదు. రోడ్డు వెడల్పు చేశాక మా వైపు ఏటవాలు మీద బైకులు రెచ్చిపోయేవి. మొదటి వారం నా యంత్రం ఊపిరి తీసుకోకుండా పని చేసింది. పైవాళ్లు మెచ్చుకున్నారు. టోపీ అప్పుడే సరిపోతున్నట్టనిపించింది.

రెండో వారం నుంచి రోడ్డంతా సాధువైపోయింది. మేం స్టాండు కాళ్లు విప్పేలోపే ఏటవాలు మీద బళ్లు పెళ్లికూతుర్ని తీసుకొస్తున్నంత మెల్లగా వచ్చేవి. కుర్రాళ్లు హెల్మెట్ లోంచి నవ్వేవాళ్లు. ఒక జీపు డ్రైవరు నా ముందు ఆగినంత పనిచేసి దణ్ణం పెట్టాడు. స్కూటీ మీద వెళ్తున్న ఒకావిడ నిజంగానే ఆగి, "ఎండలో మాడిపోతన్నావు, మజ్జిగ తాగుతావేటి?" అని అడిగింది. ఒకరోజు యంత్రం చెడిపోయిందేమోనని అనుమానం వచ్చి, చేపల బండి వెంట పరిగెడుతున్న ఒక కుక్క మీద గురిపెట్టి చూశాను. బాగానే పనిచేసింది. ఆ పూట మా రోడ్డు మీద అందరికంటే వేగంగా పోయింది ఆ కుక్కే. దానికి నంబరు ప్లేటు లేదు.

"రోడ్డు బాగుపడింది బేటీ, ఖుష్ హో జావో" అన్నాడు దాదా.

మా ఇన్‌స్పెక్టరు సాబ్ మాత్రం ఖుషీ కాలేదు. చోటు మార్చమన్నాడు, మార్చాం. మళ్లీ మార్చమన్నాడు, మళ్లీ మార్చాం. ఎక్కడ పెట్టినా మా కంటే ముందే కబురు వెళ్లి అక్కడ కూర్చునేది. చివరికి సాబ్ నన్ను గదిలోకి పిలిచి, "యంత్రం మంచిదేనని కంపెనీవాళ్లు రాసిచ్చారు. అంటే తప్పు యంత్రానిది కాదు. నువ్వింకా ప్రొబేషన్‌లో ఉన్నావు కదా?" అన్నాడు. అంతే అన్నాడు. మా దీవుల్లో సర్కారీ నౌకరీ అంటే ఏమిటో బయటివాళ్లకి చెప్పినా అర్థం కాదు. అది పోయిన మనిషిని ఆ తర్వాత అందరూ పేరుతో కాదు, "అదే, నౌకరీ పోయింది చూడూ" అని పిలుస్తారు. "కబురు ఎక్కడి నుంచి లీకవుతోందో నువ్వే పట్టుకురా" అని సాబ్ హుకుం ఇచ్చాడు. నేను సెల్యూట్ కొట్టాను. లోపల కొంచెం గర్వం కూడా కలిగిందని ఒప్పుకోవాలి. అది నా మొదటి కేసు.

మర్నాడు మఫ్టీలో బయల్దేరాను. అంటే చుడీదారు, మాస్కు, నల్ల కళ్లద్దాలు. (అమ్మ చూసి, "కంటికేమైనా పుండు లేచిందా?" అంది.) దాదా ఆ రోజు ఇంకో కుర్రాణ్ణి తోడు పెట్టుకుని యంత్రంతో ఏటవాలు దగ్గర నిలబడ్డాడు. నేను హాడోలో నాన్నది కాని ఇంకో బస్సు ఎక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను. కొంత దూరం పోయాక ఎదురుగా వస్తున్న లారీ హెడ్‌లైట్లు రెండుసార్లు టపటపా వెలిగి ఆరాయి. దాన్నే మా వైపు డిప్పర్ కొట్టడం అంటారు. లారీ డ్రైవరు కిటికీ లోంచి అరచెయ్యి చాపి, చంటిపిల్లని జోకొట్టినట్టు కిందికి రెండుసార్లు ఊపాడు. మా డ్రైవరు గేరు మార్చాడు. బస్సు అత్తారింటికి వెళ్తున్న కొత్తల్లుడిలా ఒద్దికగా నడవడం మొదలుపెట్టింది.

"ఏమైంది భయ్యా?" అన్నాను గొంతు మార్చి.

"ఆగే కెమెరా పాప హై, దీదీ" అన్నాడు.

ముందు కెమెరా పాప ఉందట! ఊళ్లో నాకు పేరు పెట్టేశారన్నమాట. కోపం దిగమింగుకుని, "కెమెరా ఈరోజు ఎక్కడుందో మీకు ముందే ఎలా తెలుస్తుంది?" అని అడిగాను.

"పాపా నే బోలా."

"ఏ పాప?"

"అరే, పాప కాదు దీదీ, పాపా! పాప కా పాపా!"

మీలో హిందీ రానివాళ్లు ఉంటే చెబుతున్నాను, హిందీలో పాపా అంటే నాన్న, 'పాపా నే బోలా' అంటే నాన్న చెప్పాడని. హిందీ వచ్చిన నాకు మాత్రం అది అర్థం కావడానికి రెండు స్టాపులు పట్టింది. అర్థమైన మరుక్షణం మా వంటింట్లో రోజూ పొద్దున్న జరిగే సంగతి కళ్ల ముందు కనిపించింది. అమ్మ టిఫిన్ బాక్సు సర్దుతూ "ఈరోజు డ్యూటీ ఎక్కడే?" అంటుంది. నేను గొప్పగా చెబుతాను. నాన్న తలుపు దగ్గర చెప్పులేసుకుంటూ వింటాడు. విని, మొదటి ట్రిప్పుకి వెళ్లిపోతాడు. ఇంత కష్టపడి, కళ్లద్దాలు పెట్టుకుని, నేను పట్టుకున్న లీకు నా నోరే.

హాడోలో ఆయన బస్సు తిప్పుకునే చోట టీ కొట్టు దగ్గర పట్టుకున్నాను. నన్ను ఆ వేషంలో చూసి నాన్న ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపాడు.

"నాన్నా, నువ్వు అందరికీ చెబుతున్నావా?"

"ఏటి సెప్పడం?"

"కెమెరా ఎక్కడుందో."

"సెప్తన్నాను. మెల్లగా ఎల్లండి, మా అమ్మాయుంది అక్కడ, అనీసి సెప్తన్నాను. తప్పేటి? మీరూ మెల్లగా ఎల్లమనే కదా సెప్తారు? మీరు బోర్డు మీద రాస్తే రూలూ, నాను నోటితో సెప్తే నేరమూనా?"

"అది వేరు, ఇది వేరు నాన్నా. దొంగని పట్టుకోడానికి వెళ్తుంటే దొంగకి చెప్పినట్టు ఇది."

"దొంగలెవరే? బడికి బళ్లు తోలుకునే మేస్టార్లు, సేపలమ్ముకునేవోళ్లూనా?" అన్నాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించాడు. "నీ డ్యూటీ మొదటి వారం. నాను బస్సులో వస్తన్నాను. తెల్ల కారోడు ఒకడు దిగి నీ మీద నోరు సేసుకుంటన్నాడు. బస్సు నిండా జనం, నాను ఆపలేను, దిగలేను. నువ్వు తలొంచుకు రాసుకుంటన్నావు. స్టీరింగు మీద సేతులు బిగించీసి ముందుకెల్లిపోయాను. ఎవుడూ స్పీడుగా రాకపోతే ఎవుణ్ణీ ఆపక్కర్లేదు, ఎవుడూ నిన్ను ఏటీ అనడు కదా. అంతే అనుకున్నాను. మరేటీ ఆలోసించలేదు."

ఆ మాటకి అడ్డం పెట్టడానికి నా దగ్గర ఉన్నదల్లా ప్రొబేషన్. "ఇంక చెప్పకు నాన్నా, నా ఉద్యోగం పోతుంది" అన్నాను. ఆయన టీ కొట్టువాడి వైపు తిరిగి ఇంకో టీ చెప్పాడు, నాకోసం. నేను తాగకుండా వచ్చేశాను.

సాబ్‌తో ఏం చెప్పాలా అని ఆ సాయంత్రమంతా ఆలోచించాను. నా ఆలోచన తెమిలేలోపే, పాప మఫ్టీలో పాపాని పట్టుకున్న కథ డ్రైవర్ల నోట హాడో అంతా తిరిగి సాబ్ చెవిన పడింది. (దీవిలో ఓడలు ఆలస్యంగా వస్తాయి గానీ, ఇలాంటివి ఎప్పుడూ వేళకే వస్తాయి.) మర్నాడు నాన్నని పిలిపించారు.

నాన్న తన ఖాకీ డ్రైవర్ చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. ఒక గదిలో, బల్లకి అటు ఆయన ఖాకీ, ఇటు నా ఖాకీ. సాబ్ ముందు లావుపాటి చట్టం పుస్తకాలు. ప్రభుత్వోద్యోగి పనికి అడ్డు తగిలాడని కేసు పెట్టొచ్చు తెలుసా అన్నాడు సాబ్ హిందీలో. నాన్న కూడా హిందీలోనే, చేతులు కట్టుకుని, మర్యాదగా అన్నాడు: "నేను ఎవరికీ అడ్డం రాలేదు సాబ్. నెమ్మదిగా పొమ్మన్నాను. నా మాట విని నెమ్మదిగా పోయారు. ఇంక నేరం చేసిందెవరు?"

"నువ్వు చెబితే వాడు ఇక్కడ ఒక్కచోటే తగ్గిస్తాడు. మలుపు దాటగానే మళ్లీ తొక్కుతాడు. అక్కడ ఎవరైనా పిల్లవాడు రోడ్డు దాటుతుంటే?"

నాన్న కట్టుకున్న చేతులు విప్పాడు. ఆ ప్రశ్న ఆయనకి తగిలిందని నాకు తెలిసింది. పిల్లల కోసం వేరే హారన్ ఉన్న మనిషి కదా. "అయితే మలుపు దాటాక ఇంకో అమ్మాయిని నిలబెట్టండి సాబ్. అక్కడ కూడా ఉందని నేనే చెబుతాను" అన్నాడు.

నా పక్కన నిలబడ్డ దాదా దగ్గినట్టు చేసి గోడవైపు తిరిగాడు. సాబ్‌కి నవ్వొచ్చిందో కోపమొచ్చిందో తెలియలేదు, పుస్తకం తెరిచి పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. డిప్పర్ కొట్టడం నేరమని ఎక్కడా దొరకలేదు. ఒక పుస్తకం మూసి ఇంకోటి తెరిచాడు. వేలు ఒకచోట ఆగింది. పైకి చదవడం మొదలుపెట్టి, సగంలో గొంతు తగ్గించేశాడు. కెమెరాతో వేగం పట్టుకునే చోటికి ముందే, ఇక్కడ కెమెరా ఉందని బళ్లవాళ్లకి కనపడేలా హెచ్చరిక బోర్డు పెట్టాలి అని ఉంది అందులో. మా బోర్డులు స్తంభాల కోసం ఎదురుచూస్తూ వెనక గదిలో గోడకి ఆనించి ఉన్నాయి. అంటే లెక్క ప్రకారం మా బోర్డు చెయ్యాల్సిన పని ఇన్నాళ్లూ నాన్న చేస్తున్నాడు.

అప్పుడు నేనేం చేశాను? నిటారుగా, అటెన్షన్‌లో, గోడ మీది దీవుల మ్యాపు వైపు చూస్తూ నిలబడ్డాను. నాన్న వైపు చూస్తే ఏడుపొస్తుందని, సాబ్ వైపు చూస్తే ఉద్యోగం పోతుందని.

సాబ్ పుస్తకం మూసేశాడు. "చట్టం సంగతి వదిలెయ్ చాచా" అన్నాడు, ఈసారి మెత్తగా. "ఈ కబురు నీకు దొరికింది మీ ఇంట్లో. ఈ అమ్మాయి నోటి నుంచి. అది నేను కాగితం మీద పెడితే నీకేమీ కాదు. ఈమెకి అవుతుంది. నాకు మాటివ్వు చాలు."

నాన్న వెంటనే మాటిచ్చేశాడు. బేరం ఆడలేదు, ఇంకొక్క చమత్కారం కూడా విసరలేదు. "ఇంట్లో విన్నది బయట చెప్పను సాబ్" అని చెప్పి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. గెలిచానని అనుకున్నాను. ఆ రాత్రి అన్నం కూడా బాగా తిన్నాను.

మర్నాడు పొద్దున్న అమ్మ ఎప్పట్లాగే టిఫిన్ సర్దుతూ, "ఈరోజు డ్యూటీ ఎక్కడే?" అంది. నేను నోరు తెరిచేలోపే నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. ఏదో పని గుర్తొచ్చిందేమో అనుకున్నాను. తర్వాతి రోజూ అంతే. విన్నది చెప్పనని మాటిచ్చాడు కదా, ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆయనకి తెలిసిన మార్గం అసలు వినకుండా ఉండటం. నా ఉద్యోగం మాట వస్తే చాలు, పోకచెట్ల దగ్గర నిలబడి ఏటో చూస్తూ, మేం మాట్లాడ్డం అయిపోయిందనిపించాక లోపలికి వచ్చేవాడు. ముందు నాకు నవ్వొచ్చింది. "నాన్నా, ఈరోజు సెలవు, డ్యూటీ లేదు" అని ఆటపట్టించాను కూడా. "అదీ సెప్పకమ్మా" అన్నాడు సీరియస్‌గా.

రోడ్డు మీద ఆయన బస్సు నా ముందు నుంచి రోజూ వెళ్లేది. హారన్ లేదు, లైటు లేదు, తల తిప్పడం లేదు. మళ్లీ బైకులు దొరకడం, నేను రాయడం, జనం నన్ను తిట్టడం మొదలయ్యాయి. ఒకరోజు ఒకడు మరీ నోటికొచ్చినట్టు తిడుతుంటే నాన్న బస్సు వచ్చింది. స్టీరింగు మీద చేతులు కనిపించాయి. బస్సు ఎంత మెల్లగా వెళ్లిందంటే, వెనకున్న బళ్లన్నీ హారన్లు కొట్టాయి. అంతే, వెళ్లిపోయింది.

ప్రొబేషన్ అయింది, ఉద్యోగం పర్మనెంటైంది, నన్ను రంగత్‌కి మార్చారు. ఇంటి నుంచి ఉత్తరంగా ట్రంక్ రోడ్డు మీద పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా బస్సు ప్రయాణం. ఫోన్లో అమ్మ అన్నీ అడిగేది. నాన్న మాత్రం "తిన్నావా? ఒంట్లో బాగుందా?" అని రెండు ముక్కలు అడిగి ఫోను అమ్మకిచ్చేసేవాడు. నా రోజు ఎలా గడిచిందో చెప్పడానికి నాకు ఎంతో ఉండేది. రంగత్‌లో ఒకాయన్ని ఆపితే స్కూటరు వెనక సీట్లో మేకపిల్లని చూపించి "అర్జెంటు కేసు మేడమ్, హాస్పిటల్‌కి" అన్నాడు. ఆ కథకి మా ఇంట్లో అందరికంటే ఎక్కువ నవ్వగలిగిన మనిషికి నేను దాన్ని ఫోన్లో చెప్పలేకపోయాను. ఎక్కడ ఆపానో చెప్పాలి కదా మరి.

నాన్నకి కంట్లో శుక్లం వచ్చి బస్సు మానేశాక, ఆపరేషన్ అయ్యాక, అమ్మా ఆయనా రంగత్ వచ్చి నా దగ్గర కొన్నాళ్లున్నారు. ఆయన దారి పొడుగునా డ్రైవరు గేర్లు మార్చడం మీద ఫిర్యాదులు చేస్తూనే వచ్చాడట. ఒక సాయంత్రం బజారుకి తీసుకెళ్లాను. మిర్చీ బజ్జీలు తింటూ బల్ల మీద కూర్చున్నాం. కొత్త కంటితో రోడ్డంతా పరీక్షగా చూస్తున్నాడు. మనసు తేలిగ్గా ఉన్నట్టనిపించి, ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అడిగేశాను.

"నాన్నా, ఆ రోజు సాబ్ నోట మాట రాక కూర్చున్నాడు. చట్టంలో ఏమీ లేదని తేలిపోయింది. ఇంకో మాట అని ఉంటే నువ్వే గెలిచేవాడివి. ఎందుకు ఊరుకున్నావు?"

"సట్టంలో లేదని నాకు ముందే తెల్సమ్మా" అన్నాడు, బజ్జీ చివర తుంచి పక్కన పెడుతూ. "పిలుపొచ్చిన ఎంటనే మా బస్సు మాలిక్ నన్ను వకీలు దగ్గరికి తీస్కెళ్లినాడు. ఏ సెక్షనూ లేదు, గట్టిగా మాట్లాడు, కేసేస్తే నాను సూసుకుంటాను అన్నాడాయన. మాట్లాడదామనే ఇస్త్రీ సొక్కా ఏసుకొచ్చాను."

"మరి?"

"మధ్యలో నీకాసి సూసాను. గోడకేసి సూస్తన్నావు. గెడ్డం ఇలగ ఇలగ వణుకుతోంది. సిన్నప్పుడు సూదిమందు ఏయించినప్పుడు ఏడవకుండా నిలబడేదానివి సూడు, అలగ. ఇంక సట్టమేటి సేసుకుంటాం? మాటిచ్చీసాను." కాగితంతో చెయ్యి తుడుచుకున్నాడు. "నువ్వు నాకాసి సూస్తావేమోనని తలుపు కాడ కాసేపు ఆగాను. డ్యూటీలో ఉన్నావు కదా, ఎల్లిపోయాను."

ఇంకో ప్లేటు చెప్పాను. మేకపిల్ల కథ చెప్పాలనిపించి మొదలుపెట్టాను. నాన్న నవ్వాడు గానీ, "ఎక్కడ ఆపావేటి వాణ్ణి?" అని మాత్రం అడగలేదు.

ఇప్పుడు నేను మళ్లీ పోర్ట్‌బ్లెయిర్ వచ్చేశాను. అప్పుడప్పుడు ఆ గదిలో నిలబడ్డ పిల్ల నా కళ్ల ముందుకొస్తుంది. పెద్ద టోపీ, బిగించిన బెల్టు, చట్టమంతా తన పక్కనే ఉందన్నట్టు ఆ నిటారుతనం. దగ్గరికెళ్లి భుజం మీద తట్టి, "ఒసేయ్, ఒక్కసారి ఇటు తిరగవే, మీ నాన్న తలుపు దగ్గర ఆగాడు" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా తిరిగేది కాదు లెండి. అటెన్షన్‌లో ఉంది కదా, పాపం.